ఎంఆర్ఐ నార్మల్ అన్నారు, మరి వాడికి గుండీలు పెట్టుకోవడం ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నెలలు నిండకుండా 31వ వారంలోనే పుట్టాడు. అప్పుడు బరువు 1400 గ్రాములు. మాటలు త్వరగానే వచ్చాయి, కథలు చెప్పడంలో వాడి తర్వాతే ఎవరైనా. కానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు, లేసులు కట్టుకోలేడు. పప్పన్నం కలుపుకుంటే కంచం చుట్టూ మెతుకులే. పక్కింటి ఐదేళ్ల పాప సైకిల్ తొక్కేస్తోంది, వీడింకా పక్క చక్రాల మీదే ఉన్నాడు. బడిలో నోట్స్ ఏ రోజూ పూర్తి కాదు. టీచరేమో ‘బద్ధకం’ అంటారు. చిన్నప్పుడు ఎడం చేత్తో రాస్తుంటే మా అత్తగారు మాన్పించారు. దానివల్లే ఇలా అయిందేమోనని ఇప్పుడు ఆవిడకి బెంగ. ఎంఆర్ఐ తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. ఇలాంటి పిల్లల మెదడులో ‘కనెక్టివిటీ’ తక్కువని నెట్‌లో చదివాను. మెదడు మ్యాప్ తీసి ఆ కనెక్షన్లు సరిచేసే ప్యాకేజీ ఉందని ఒక సెంటర్ వాళ్లు చెబుతున్నారు, అరవై వేలట. వాడి మెదడు వైరింగ్‌లోనే లోపం ఉందా? ఫంక్షనల్ ఎంఆర్ఐ తీయించాలా? మా ఆయన ‘నేనూ చిన్నప్పుడు ఇంతే, అదే సర్దుకుంటుంది’ అంటారు. పెద్దయ్యాక బండైనా నడపగలడా?
— ఒక తల్లి, తెనాలి

సమాధానం:

అమ్మా, ముందు ఆ అరవై వేల సంగతి. కట్టకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఆ ‘కనెక్టివిటీ’ గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. మీరు నెట్‌లో చదివింది అబద్ధం కాదు. దాన్నుంచి ఆ సెంటర్ వాళ్లు లాగిన అర్థమే తప్పు.

ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించకూడదు. అయినా మీరు రాసినవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి: డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, పొట్టిగా డీసీడీ. వయసుకు తగినట్టు నేర్చుకునే అవకాశం దొరికినా చేతిపనులు, ఒంటిపనులు పట్టుబడవు. దానివల్ల బట్టలేసుకోవడం, తినడం, రాయడం, ఆడుకోవడం లాంటి రోజువారీ పనులకి అడ్డం వస్తుంది. ఈ ఇబ్బంది చిన్నప్పటి నుంచే ఉంటుంది. చూపు లోపమో, బుద్ధిమాంద్యమో, సెరిబ్రల్ పాల్సీ లాంటి నరాల జబ్బో దీనికి కారణం కాకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే ఆ పేరు పెడతాం. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఇది ఉంటుందని అంచనా. అంటే మీవాడి తరగతిలో నలభై మంది ఉంటే ఇంకొకరు కూడా ఇలాంటివాళ్లే ఉండొచ్చు, వాళ్లమ్మా మీలాగే బెంగపడుతూ ఉండొచ్చు. మగపిల్లల్లో ఎక్కువగా గుర్తిస్తాం. 32 వారాల లోపు, లేదా కేజీన్నర కంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇది వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మీవాడు రెండు లెక్కల్లోకీ వస్తాడు. అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలో ఈ పేరు చేరింది 1987లో. అంతకుముందు డాక్టర్ల పుస్తకాల్లోనే దీన్ని ‘మోటు పిల్లలు’ అనే అర్థం వచ్చేలా రాసేవారు. టీచర్‌ని మాత్రం ఏమనగలం!

ఇక మెదడు దగ్గరికి వద్దాం.

నీళ్ల క్యాన్ నిండుగా ఉందనుకుని ఎప్పుడైనా ఎత్తారా? తీరా అది ఖాళీదైతే చెయ్యి విసురుగా పైకి లేచిపోతుంది. క్యాన్ కదలకముందే దాని బరువెంతో, చెయ్యి ఎంత బలం పెట్టాలో, ఎత్తాక చేతికి ఏం తెలియాలో మెదడు లెక్కేసి పెట్టుకుంది. ఆ లెక్క తప్పింది కాబట్టి మనకు తెలిసింది. తప్పనప్పుడు అలాంటి లెక్క ఒకటి నడుస్తోందనే తెలియదు. గుండీ పెట్టినా, మెట్టు దిగినా, బంతి పట్టినా ఇదే జరుగుతుంది. కంటి నుంచీ వేలి నుంచీ కబురు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అందుకని మెదడు ముందే ఊహించి కదులుతుంది. తర్వాత వచ్చిన కబురుతో పోల్చుకుని, తేడా ఉంటే మరుసటిసారికి దిద్దుకుంటుంది. ఈ ఊహించి దిద్దుకునే పనిలో పెద్ద వాటా చిన్నమెదడుది. మెదడు మొత్తం బరువులో అది పదో వంతే ఉన్నా, మెదడులోని నాడీకణాల్లో దాదాపు ఎనభై శాతం అక్కడే ఉన్నాయి. అయితే అదొక్కటే చేయదు. చేతులు కళ్లకు ఎక్కడ కనిపిస్తున్నాయో చూసే పక్క భాగాలు, పథకం వేసే ముందు భాగాలు, కండరాలకు ఆజ్ఞలిచ్చే మోటార్ భాగం, అన్నీ దానితో నిమిషనిమిషం మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకోవడాన్నే కనెక్టివిటీ అంటున్నారు.

డీసీడీ ఉన్న పిల్లల్లో ఈ ఊహించి దిద్దుకునే పని సరిగ్గా సాగదని పరిశోధకుల్లో చాలామంది అభిప్రాయం. ఇలాంటి పిల్లలు మెట్టు దగ్గర తడబడటం, అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం జారిపోవడం ఈ కోణంలోంచి చూస్తే అర్థమవుతాయి. ఒక పని వందసార్లు చేసినా మీవాడికి ప్రతిసారీ మొదటిసారే. మనం రెండో రోజుకే చూడకుండా పెట్టేసుకునే గుండీని వాడు రెండేళ్ల తర్వాత కూడా కళ్లు పెట్టి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి పెడతాడు.

దీన్ని స్కానర్‌లో చూసినవాళ్లున్నారు. కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ జ్వికర్ బృందం చేసిన పని మీకు తప్పకుండా చెప్పాలి. రెండు గీతల మధ్య ఉన్న సన్నటి దారిలో, అంచు తగలకుండా గీత గీయమని పిల్లలకిచ్చారు. గీస్తున్నప్పుడే ఫంక్షనల్ ఎంఆర్ఐ, అంటే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్, తీశారు. 2010లో వచ్చిన వ్యాసం ప్రకారం, డీసీడీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు ఒకేలా గీసినా, మెదడులో పనిచేసిన భాగాలు వేరువేరు. ఫలితం ఒకటే, దానికి పట్టిన దారి వేరు. 2011 వ్యాసం ఇంకా ఆసక్తికరం. మూడు రోజులు సాధన చేయించి మళ్లీ స్కాన్ తీశారు. మామూలు పిల్లల గీత మెరుగుపడింది, డీసీడీ పిల్లల గీత మెరుగుపడలేదు. చిన్నమెదడుకూ, పైన పక్క భాగాలకూ, ముందు భాగాలకూ సంబంధించిన వ్యవస్థ వీళ్లలో సాధన తర్వాత కూడా తక్కువగానే పనిచేసింది. అంటే ఇబ్బంది చేతిలో లేదు. సాధన చేసిన దాన్ని మెదడు ఒంటబట్టించుకోవడంలో ఉంది. టీచర్ గారికి చెప్పాల్సిన మాట కూడా ఇదే: వాడు ప్రయత్నించడం లేదని కాదు, ప్రయత్నానికి తగ్గ ఫలం వాడికి దక్కడం లేదు.

అయితే ఆ 2011 పరిశోధనలో ఎంతమంది పిల్లలున్నారో తెలుసా? డీసీడీ ఉన్నవాళ్లు ఏడుగురు, లేనివాళ్లు ఏడుగురు. అంతే. దీన్ని తప్పు పట్టడం లేదు. ఎనిమిది, పదేళ్ల పిల్లల్ని ఆ చప్పుడు చేసే గొట్టంలో కదలకుండా పడుకోబెట్టడమంటే మాటలు కాదు. కానీ ఏడుగురిని చూసి మీ ఒక్కడి గురించి తీర్పు చెప్పలేం.

మీరు చదివిన ‘కనెక్టివిటీ’ లెక్కలు చాలావరకు ఇంకో రకం స్కాన్ నుంచి వచ్చినవి. పిల్లాడికి ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెడతారు. మెదడులో వేర్వేరు చోట్ల రక్తంలోని ఆక్సిజన్ నెమ్మదిగా హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. ఏ రెండు చోట్ల ఆ హెచ్చుతగ్గులు కలిసి నడుస్తున్నాయో చూసి, ఆ రెండింటికీ సంబంధం ఉందంటారు. ఈ పద్ధతికి నాంది పలికింది భారతీయ మూలాలున్న భరత్ బిస్వాల్. అమెరికాలోని విస్కాన్సిన్‌లో విద్యార్థిగా ఉండగా 1995లో ప్రచురించిన పరిశోధన అది. వేళ్లు కదిలించినప్పుడు ఎడమ, కుడి మోటార్ భాగాలు కలిసి పనిచేస్తాయని అందరికీ తెలిసిందే. వేళ్లు కదపకుండా ఊరుకున్నప్పుడు కూడా ఆ రెండూ కలిసే ఊగుతున్నాయని ఆయన చూపించాడు. మొదట్లో అది స్కానర్ పుట్టించిన తప్పుడు సంకేతమని కొట్టిపారేసినవాళ్లున్నారు. ఇప్పుడదో పెద్ద శాస్త్రం.

ఈ పద్ధతితోనే కెనడాలోని కాల్గరీ బృందం 2014లో డీసీడీ, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లల్ని పరిశీలించింది. మోటార్ భాగానికీ, మెదడు లోతుల్లో ఉండే స్ట్రయేటమ్‌కూ, మరికొన్ని చోట్లకూ మధ్య సంబంధంలో మామూలు పిల్లలతో పోలిస్తే తేడా కనిపించింది. ఆ తేడాల్లో కొన్ని రెండు గుంపుల్లోనూ ఉన్నాయి. డీసీడీ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది కాబట్టి ఇది ఆశ్చర్యం కాదు. ఇక మెదడు భాగాల్ని కలిపే నరాల పోగుల్ని, అంటే తెల్ల పదార్థాన్ని చూసే స్కాన్ వేరే ఉంది. అందులో నీటి కణాలు ఎటు వైపు తేలిగ్గా కదులుతున్నాయో చూసి, పోగులు ఎలా ఉన్నాయో అంచనా వేస్తారు. ఇలాంటి స్కాన్లలో కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్లే దారిలో, స్పర్శ కబుర్లు పైకి తెచ్చే దారుల్లో, రెండు సగాల మెదడునూ కలిపే పట్టీలో సన్నటి తేడాలు కనబడ్డాయి.

ఇంతవరకు చదివి ‘అయితే వైరింగ్ లోపమేగా’ అనుకుంటారు. మూడు విషయాలు గమనించండి.

ఇవన్నీ గుంపుల సగటు తేడాలు. మగవాళ్ల సగటు ఎత్తు ఆడవాళ్ల సగటు కంటే ఎక్కువని తెలుసు. అలాగని ఐదడుగుల ఐదంగుళాలని చెబితే ఆ మనిషి ఆడో మగో చెప్పగలరా? స్కాన్ల సంగతీ అంతే. డీసీడీ ఉన్న పిల్లల అంకెలూ లేని పిల్లల అంకెలూ బాగా కలగలిసిపోయి ఉంటాయి. ఒక్క పిల్లాడి స్కాన్ చూసి డీసీడీ ఉందనో లేదనో చెప్పే కనెక్టివిటీ పరీక్ష ఈ రోజుకి ప్రపంచంలో ఎక్కడా వైద్యంలో వాడుకలో లేదు. డీసీడీని గుర్తించడం మీద ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా స్కాన్ అడగవు. అందుకని ఫంక్షనల్ ఎంఆర్ఐ వద్దు.

రెండోది కదలిక. స్కానర్‌లో తల మిల్లీమీటరు కదిలినా కనెక్టివిటీ లెక్కలు మారిపోతాయి. దూరంగా ఉన్న భాగాల మధ్య సంబంధం ఉన్నదానికంటే తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. 2012 నుంచి పరిశోధకులు దీని మీద తలలు పట్టుకుంటూనే ఉన్నారు. కుదురుగా పడుకోలేని పిల్లల్లో ‘కనెక్షన్ తక్కువ’ అని తేలితే, అందులో మెదడు వాటా ఎంత, కదిలిన తల వాటా ఎంత? మంచి బృందాలు దీన్ని జాగ్రత్తగా సరిచేసుకుంటాయి. ప్యాకేజీలు అమ్మేవాళ్లు సరిచేసుకుంటారని నాకు నమ్మకం లేదు. అసలు ఆ ‘మెదడు మ్యాప్’ అనేది చాలాచోట్ల ఎంఆర్ఐ కూడా కాదు. తలకు టోపీ తొడిగి మెదడు విద్యుత్ తరంగాల్ని నమోదుచేసే ఈఈజీని రంగుల బొమ్మగా మార్చి చేతికిస్తారు. ఎరుపూ నీలమూ చూస్తే ఏ తల్లికైనా గుండె జారుతుంది. డీసీడీ నిర్ధారణలో దానికి చోటు లేదు.

మూడోది మీకు ఊరటనిచ్చే విషయం. ఈ కనెక్షన్లు గోడలో బిగించేసినవి కావు. నరాల పోగుల మీద కొవ్వు పొర ఏర్పడటం ఇరవై ఏళ్లు దాటాక కూడా సాగుతుంది. వాడకాన్ని బట్టి అది మారుతుంది. ఇందాక చెప్పిన వాంకూవర్ బృందమే తర్వాత పిల్లలకు పది విడతల శిక్షణ ఇచ్చి ముందూ వెనకా స్కాన్లు తీసింది. పిల్లలు ఎంచుకున్న పనుల్లో మెరుగుపడ్డారు, మెదడు అనుసంధానంలోనూ మార్పు కనిపించింది. ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లల్లో మెదడు మార్పు అంత స్పష్టంగా లేదు, కానీ పనులు మాత్రం వాళ్లకీ వచ్చాయి. నాకైతే ఈ రెండో గుంపే ముఖ్యం. గుండీ పెట్టుకోవడం వచ్చింది, స్కాన్ ఏమంటే ఏంటి?

ఇంతకీ ఆ శిక్షణ ఏమిటి? తలకు వైర్లు పెట్టడం కాదు, బంతుల మీద బొర్లించడమూ కాదు. ఇంగ్లిష్‌లో కో-ఆప్ అంటారు. హెలెన్ పొలాటాయ్‌కో, ఏంజెలా మాండిచ్ అనే కెనడా ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్సకులు, రూపొందించారు. ఏ పని నేర్చుకోవాలో పిల్లాడే ఎంచుకుంటాడు. మామూలుగా మూడు పనులు. తర్వాత ప్రతి పనికీ నాలుగే మాటలు: ఏం చేయాలి, ఎలా చేద్దాం, చేసి చూడు, కుదిరిందా. కుదరకపోతే ఎక్కడ బెడిసిందో వాడితోనే కనిపెట్టిస్తారు. పెద్దవాళ్లు చెప్పేయకూడదు, అడగాలి. మెదడు తనంతట తాను దిద్దుకోలేని చోట, ఆలోచనతో దిద్దుకునేలా చేయడం దీని కిటుకు. కథలు చెప్పే మీవాడికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే వాడి బలం మాటల్లో ఉంది.

గుండీల దగ్గరే చూద్దాం. చొక్కా తొడగకండి. కూర్చోబెట్టి ఒళ్లో పరవండి, పెద్ద గుండీలున్న పాత చొక్కా అయితే మేలు. ‘గుండీ రావట్లేదమ్మా’ అంటాడు. ‘ఎక్కడ ఆగిపోయింది?’ అనడగండి. ‘కాజాలోకి పోవట్లేదు.’ ‘కుడి చెయ్యి గుండీని తోస్తోంది కదా, ఎడం చెయ్యి ఏం చేస్తోంది?’ ఇక్కడ వాడు ఆగి తన చేతిని తానే చూసుకుంటాడు. చాలామంది పిల్లల్లో ఆ చెయ్యి ఊరికే చొక్కాని పట్టుకుని ఉంటుంది, లేదా గాల్లో ఉంటుంది. ‘దాన్ని ఎక్కడ పెడితే పని జరుగుతుంది?’ కాసేపటికి కాజా అంచుని చిటికెన వేలూ బొటనవేలూ కలిపి పట్టుకుని చూస్తాడు. అది కుదరక చూపుడు వేలికి మారతాడు. సగం గుండీ అవతలికి తొంగి చూస్తుంది. ‘ఇప్పుడు ఎవరు లాగాలి?’ అంటే ‘ఎడం చెయ్యి!’ అని అరుస్తాడు. ఆ మాట వాడు కనిపెట్టింది. దానికి వాడే పేరు పెట్టుకోనివ్వండి, ‘తోయి-లాగు’ అనో ఇంకేదో. రేపటి నుంచి గుండీ దగ్గర తడబడినప్పుడు మీరు ఆ పేరు ఒక్కటి అంటే చాలు. తర్వాత తొడుక్కున్న చొక్కాకి కింది గుండీ నుంచి మొదలుపెట్టండి, అది కళ్లకు కనిపిస్తుంది. మెడ దగ్గరిది ఆఖరున.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. బడి బస్సు హారన్ కొడుతున్నప్పుడు మాత్రం నేర్పకండి, అప్పుడు మీరే పెట్టేయండి.

అన్నం సంగతికొస్తే, అంచు ఎత్తుగా ఉన్న కంచం ఇవ్వండి, కొద్దికొద్దిగా వడ్డించండి. పప్పు పలచగా ఉంటే ఎవరికైనా జారుతుంది, కొంచెం గట్టిగా చేయండి. స్పూన్ అడిగితే ఇవ్వండి, అందులో అవమానం లేదు. సైకిల్‌కి పక్క చక్రాలు తీసేసి, పెడల్స్ కూడా తీయించండి. సీటు దించి, రెండు పాదాలూ నేలకి ఆనేలా చేసి, కాళ్లతో తోసుకుంటూ పొమ్మనండి. బ్యాలెన్స్ వచ్చాక పెడల్స్ బిగిద్దురు గాని. పక్క చక్రాలు తొక్కడం నేర్పుతాయే గానీ బ్యాలెన్స్ నేర్పవు, ఏళ్ల తరబడి తొక్కినా అంతే.

రాతకి కాస్త ఓపిక కావాలి. మన లిపి గుండ్రటిది, అందంగా ఉంటుంది, కానీ ఇలాంటి పిల్లాడి చేతికి కఠినమైనది. ‘రాష్ట్రం’ అని రాయాలంటే చూడండి: ర రాసి దీర్ఘం, ష చుట్టి తలకట్టు, అక్కణ్నుంచి గీత కిందికి దిగి ట వత్తు, ఇంకా ర వత్తు, మళ్లీ పైకి వచ్చి సున్న. ఇంతలో పక్క అక్షరం మీద పడకూడదు, కింది వరుసని తగలకూడదు. ఇదంతా బోర్డు మీంచి చూసి రాయాలి. తల ఎత్తడం, దించడం, ఎక్కడ ఆపామో వెతుక్కోవడం. మీవాడి నోట్స్ పూర్తి కాకపోవడానికి కారణం వేళ్లు ఒక్కటే కాదు, ఈ వెతుకులాట కూడా. ముందు కాళ్లు చూడండి. బెంచి మీద కూర్చుంటే పాదాలు గాల్లో వేలాడుతున్నాయా? కింద ఒక చెక్క పెట్టించండి. వరుసల మధ్య జాగా ఎక్కువున్న నోట్‌బుక్ ఇవ్వండి. పేజీలు పేజీలు కాపీ రాయించడం వద్దు. మూడు అక్షరాలు రాయించి, వాటిలో ఏది బాగా వచ్చిందో వాడినే సున్న చుట్టమనండి, ఎందుకు బాగుందో చెప్పమనండి. మన పెద్దవాళ్ల కాలంలో పలక ఉండేది. పెద్ద అక్షరం, చెరిపితే పోయే తప్పు. ఇంట్లో ఇప్పటికీ ఒకటి ఉంటే బాగుంటుంది.

బడికి వెళ్లినప్పుడు టీచర్‌తో తగవు పెట్టుకోకండి. మూడు కోరికలు చాలు: బోర్డు మీది నోట్స్‌ని ఫోటో తీసుకోనివ్వడం లేదా పక్కవాళ్ల పుస్తకం జిరాక్స్ ఇవ్వడం, సైన్స్, సోషల్‌లో చేతిరాతకి మార్కులు తగ్గించకపోవడం, వాడు నోటితో చెప్పిన జవాబుకీ విలువివ్వడం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల నిర్వచనంలో డిస్‌ప్రాక్సియా అనే మాట ఉంది. డీసీడీని చాలాచోట్ల పిలిచే పాతపేరు అది. అయితే సర్టిఫికెట్ ఇచ్చే దగ్గర ఎక్కువగా చదవడం, రాయడం, లెక్కలే పరీక్షిస్తారు. సీబీఎస్‌ఈ లాంటి బోర్డులు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు ఇస్తాయి. మూడో తరగతికి అవేమీ అక్కర్లేదు. రిపోర్టులు మాత్రం ఒక ఫైల్‌లో దాచండి, పదో తరగతికి పనికొస్తాయి.

నిర్ధారణ ఎక్కడ చేయించాలి? పిల్లల నరాల డాక్టర్ లేదా డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌ని (పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్) కలవండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ వాడితో ఒక పరీక్ష చేయిస్తారు. చెక్కలో చిన్న మేకులు గుచ్చడం, దారం గుచ్చడం, ఇందాక చెప్పినట్టు రెండు గీతల మధ్య గీయడం, బంతి పట్టడం, సన్నటి చెక్క మీద నిలబడటం, కుంటుకుంటూ గెంతడం, ఇలాంటివి. ఆటలాగే ఉంటుంది. డబ్బు ఇబ్బందైతే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ముందస్తు చికిత్సా కేంద్రాలున్నాయి. 2013లో మొదలైన పథకం అది, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం. బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని అడిగినా అక్కడికి పంపుతారు.

మామూలు ఎంఆర్ఐ నార్మల్ అనడంలో వింత లేదు. అది గడ్డలు, పాత రక్తస్రావాల మచ్చలు, ఆకారంలో తేడాలు చూపిస్తుంది. డీసీడీలో అవేవీ ఉండవు. అయితే డాక్టర్ దగ్గరికి ఆలస్యం చేయకుండా పరిగెత్తాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇదివరకు వచ్చిన పని ఇప్పుడు రాకపోవడం. నడక నెలనెలకీ తూలిపోవడం. ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం. నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటూ ఎక్కడం, పిక్కలు లావెక్కడం. ఇది కండరాల జబ్బుకి గుర్తు, ఒక రక్త పరీక్షతో మొదలుపెడతాం. పొద్దున్నే తలనొప్పితో వాంతులు. ఫిట్స్. ఇవేవీ మీరు రాయలేదు కాబట్టి భయపడకండి, తెలిసి ఉండటం మంచిదని చెప్పాను.

మీ అత్తగారికి చెప్పండి, ఎడం చేయి మాన్పించడం వల్ల ఇది రాలేదు. కానీ వాడికి ఇప్పటికీ ఎడం చేత్తో రాయాలనిపిస్తే అడ్డుకోకండి. అన్నం మాత్రం కుడి చేత్తోనే అని ఆవిడ పట్టుబడితే, ఆ ఒక్కటీ మీ ఇంటి పద్ధతి, నేను కలగజేసుకోను.

మీవారి మాటలో సగం నిజముంది. ఇది కుటుంబాల్లో వస్తుంది, ఆయనకీ ఉండి ఉండొచ్చు. ‘అదే సర్దుకుంటుంది’ అన్నది మిగతా సగం. డీసీడీ ఉన్న పిల్లల్లో సగానికి పైగా టీనేజ్‌లోనూ ఇబ్బంది పడతారు. దెబ్బ తినేది చెయ్యి ఒక్కటే కాదు. ఆటలో చివరికి ఎంచుకునే పిల్లాడు కొన్నాళ్లకి ఆటే మానేస్తాడు. ఒళ్లు వస్తుంది, ఆయాసం వస్తుంది, నలుగురిలోకి వెళ్లాలంటే టెన్షన్ వస్తుంది. అందుకని క్రికెట్ కోచింగ్‌లో చేర్చడం కంటే, ఎవరితోనూ పోటీ లేని ఈత క్లాస్‌లో వేయండి. మీవారు చిన్నప్పుడు ఏం చేసి నెట్టుకొచ్చారో వాడికి చెప్పమనండి. నాన్నకీ గుండీలు రాలేదని తెలిస్తే ఎనిమిదేళ్ల మగపిల్లాడికి నేను రాసే ఏ మందు కంటే అది బాగా పనిచేస్తుంది.

బండి గురించి అడిగారు. నడపగలడు. డీసీడీ ఉన్నవాళ్లు డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటారు, కొందరు జోలికే పోరు. 18 నిండి లైసెన్స్ వయసు వచ్చాక గేర్లు లేని స్కూటర్‌తో, ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. మొదటి వారం బ్రేక్ మీదే ఉంచండి: ఇక్కడ ఆపు, ఆ గీత దగ్గర ఆపు, గీత దాటిందా, ఎంత ముందు పట్టాలి? మలుపులు ఆ తర్వాత. ట్రాఫిక్‌లోకి ఎప్పుడు వెళ్లాలో తోటివాళ్లని చూసి కాదు, వాడిని చూసి నిర్ణయించండి.